అడుగు

మంగళవారం లాంచీ ఆలస్యమైంది.
చెలిన్ దీవి రేవులో దిగేసరికి వాన అడ్డంగా కొడుతోంది.
చిలోయెలో వాన నిలువుగా పడటం
నా పన్నెండేళ్ల ఉద్యోగంలో తక్కువే చూశాను.
కట్టుగుడ్డల పెట్టె చంకలో పెట్టుకుని
బురదలోంచి బూట్లు పీక్కుంటూ
దోన్ ఎలెవుతేరియో మియలోంకో ఇంటికి.

పడవలు కట్టిన మనిషి.
నలభై మూడు పడవలు, ఒక్కోదాని పేరూ చెబుతాడు.
ఎడమ కాలు మాత్రం పాత గుడ్డలు చుట్టి
బల్ల కింద దాచుకుంటాడు, దొంగసొత్తులా.

కట్టు విప్పకముందే వాసన చెప్పేసింది.
చీలమండ పైన, అరచేతి వెడల్పు.
నడుమ నానిన అట్టముక్క లాంటి పసుపు పొర,
ఒక మూల నలుపు,
అలిగిన పిల్లాడి పెదాల్లా
లోపలికి ముడుచుకున్న అంచులు.
"పైన ఏదో పూసి మూసెయ్, చాలు."
"మూయను," అన్నాను.

ఉప్పునీళ్ల సీసా పొయ్యి పక్కన పెట్టి
గోరువెచ్చగా చేసింది ఆయన చెల్లెలు ఒతిలియా.
చల్లనీళ్లు తగిలితే పుండు పని మానేస్తుంది, గంటల తరబడి.
పోశాను. పొర ఉబ్బేదాకా ఆగాను.
ఆ ఆగడం ఎవరూ నేర్పరు.
తర్వాత పట్టకారుతో, వంపు కత్తెరతో
ప్రాణం లేనిది ఎక్కడ ముగుస్తుందో
ఉన్నది ఎక్కడ మొదలవుతుందో
వెతుక్కుంటూ వెళ్లాను.
హద్దు దాటితే రక్తం చెబుతుంది.
రక్తం కన్నా ముందు ఆయన పిడికిలి చెబుతుంది.

మూడో వారం కోప్పడ్డాడు.
పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి
నేను గీసుకున్న గీతల్ని
కిటికీ అద్దానికి ఆనించి చూపించాను, అదీ నా తప్పు.
"వచ్చినప్పుడు ఇంత. ఇప్పుడు ఇంత!
నువ్వు నర్సువా, ఎలుకవా?"
ఒతిలియా ఫక్కున నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

ఆయనకు చెప్పని సంగతి ఒకటుంది.
కొత్తగా చేరిన ఏడాది, కాస్త్రో పట్నం ఆసుపత్రిలో,
ఒకామె మడమ.
నొప్పి పెట్టడానికి చేతులు రాక
తెల్లటి గుడ్డ ఎంతో పొందికగా చుట్టాను.
అందరూ మెచ్చుకున్నారు నా కట్టుని.
పదకొండో రోజు విప్పితే
ఆ తెలుపు కింద, ఎముక దాకా.
ఆమె పేరు ఫ్రెసియా.
ఆ పేరు మీద ఇంతవరకూ ఏ కట్టూ కట్టలేదు నేను.

అందుకే అడిగాను:
"పుచ్చిన పలక మీద తారు పూసి రంగేస్తారా మీరు?"

చాలాసేపు మాట్లాడలేదు.
పొయ్యిలో తడి కట్టె ఈలేసింది.
"గీకుతాను," అన్నాడు. "ఉలికి గట్టి చెక్క తగిలేదాకా.
తగిలితే చప్పుడు మారుతుంది.
అడుగు చూడటం అంటాం దాన్ని.
నువ్వు చూడకుండా నీళ్లలోకి తోస్తే
సముద్రం చూస్తుంది."

కాలు ఆయనే చాపాడు,
బల్ల కింద నుంచి వెలుతురులోకి.

తడి సంగతీ నా కన్నా ఆయనకే బాగా తెలుసు.
మరీ ఎండితే పలక బీటలిస్తుంది, మరీ నానితే మెత్తబడుతుంది.
చుట్టూ తెల్లగా ఉబ్బిన చర్మం చూపించి
"ఇక్కడ ఊరుతోంది" అంటాడిప్పుడు.
పాదం మీద నాడి దొరికాక
వేళ్ల నుంచి మోకాలి దాకా నేను పట్టీ చుడుతుంటే
ఒక కన్ను మూసి వంపు సరిచూస్తాడు.

తొమ్మిదో వారం.
ఎరుపు వచ్చింది. గరుకుగా, తడిగా,
సాల్మన్ చేపగుడ్లు ఒత్తుగా పేర్చినట్టు.
అంచు ఒకచోట అలక మానింది:
గోరంత పొర, లేత ముత్యం రంగుది,
లోపలికి జరుగుతోంది.
దాన్ని నేను పెంచలేదు.
చోటు చేశాను, అంతే.

మానుతుందని చెప్పలేను.
డెబ్బై ఎనిమిదేళ్లు, ఒంట్లో చక్కెర,
నేను వెళ్లాక సిగరెట్లు ముట్టిస్తాడని
ఒతిలియా కళ్లతోనే చాడీ చెబుతుంది.

లాంచీ కూత పెట్టింది.
పెట్టె సర్దుకుంటుంటే లేచాడు.
పొయ్యి దగ్గర నుంచి గుమ్మానికి ఆరు అడుగులు,
లెక్కపెట్టాను.
గుమ్మం పట్టుకుని వానలోకి చూసి అడిగాడు:
"ఆ లాంచీ అడుగు
ఈ ఏడాది ఎవరైనా చూశారా?"